అల్యూమినియం-లిథియం మిశ్రలోహాలు: తక్కువ వేడిలో దీర్ఘకాల ఏజింగ్

అల్యూమినియంలో ఒక శాతం లిథియం కలిపితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది, బిగువు దాదాపు 6 శాతం పెరుగుతుంది. విమానాలు కట్టేవాళ్ళని ఊరించే లెక్క ఇది. చిక్కల్లా, ఈ లోహం కొలిమి దాటి బయటికొచ్చాక కూడా లోలోపల మారుతూనే ఉంటుంది.

వేడిచేసి చల్లార్చిన అల్యూమినియం మిశ్రమం ఊరికే పడి ఉండి కూడా గట్టిపడుతుందని (దీన్నే ఏజింగ్ అంటారు) 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ గమనించాడు. లిథియం వంతు ఆలస్యంగా వచ్చింది. 1950ల చివర ఆల్కోవా కంపెనీ తెచ్చిన 2020 మిశ్రలోహం అమెరికా నౌకాదళపు విజిలాంటే విమానం రెక్కల్లోకెక్కింది, కానీ పెళుసుదనం వదల్లేదు. ఆ తరవాతి దశాబ్దంలో సోవియట్ శాస్త్రవేత్త ఫ్రిడ్‌ల్యాండర్ బృందం మెగ్నీషియం కలిపి 1420ని తయారుచేసింది.

1980ల నాటి రెండో తరం మిశ్రలోహం 8090తో అసలు సమస్య బయటపడింది. దీన్ని 150-190 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచితే డెల్టా ప్రైమ్ అనే గుండ్రటి కణాలు పుడతాయి: మూడు అల్యూమినియం పరమాణువులకి ఒక లిథియం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నల్లటి నేపథ్యం మీద తెల్లచుక్కల్లా కనిపిస్తాయి. అయితే పాకం చల్లారేకొద్దీ పంచదార పలుకులు కట్టినట్టు, వేడి తగ్గేకొద్దీ అల్యూమినియంలో లిథియం ఇమడదు. అందుకే 60-100 డిగ్రీల్లో వేల గంటలుంటే పాత చుక్కల మధ్య అతిసన్నని కొత్త చుక్కలు పుట్టుకొస్తాయి. ఎండలో నిలిపిన విమానం పైరేకుకి ఆ వేడి అందనిదేం కాదు. బలం కాస్త పెరుగుతుంది, పగులుని ఓర్చుకునే శక్తి పడిపోతుంది. 200 డిగ్రీలకి పైన కొద్ది నిమిషాలు వేడిచేస్తే కొత్త చుక్కలు కరిగి ఆ ఓర్పు తిరిగొస్తుంది. కానీ ఎగిరే విమానాన్ని కొలిమిలో పెట్టలేం కదా!

హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ కూడా ఈ లోహాల మీద పనిచేసింది. అక్కడ పనిచేసిన ఎన్. ఈశ్వర ప్రసాద్ వీటి గురించిన ప్రామాణిక గ్రంథానికి సంపాదకుల్లో ఒకరు.

ఈ చుక్కల చిక్కు తగ్గించడానికి మూడో తరం మిశ్రమాల్లో లిథియాన్ని 2 శాతం లోపుకి దించారు. రాగితో కలిసి పలకల్లా ఏర్పడే టీ1 కణాలకే పెద్దపీట వేశారు. 1998లో 2195 అనే మిశ్రమంతో చేసిన స్పేస్ షటిల్ ఇంధన ట్యాంకు సుమారు 3,400 కిలోల బరువు తగ్గింది. నిండా అతిశీతల ద్రవాలు, ఎగరడం ఒకేసారి, అదీ తొమ్మిది నిమిషాల లోపు. దానికి ఈ ఏజింగ్ బెంగే లేదు. దశాబ్దాల పాటు ఎండలో నిలబడాల్సిన ఎయిర్‌బస్ ఏ220 మొండేనికి మాత్రం ఉంది.