పాకెట్ ఎంత వెడల్పు ఉండాలి?

వెల్గటూరు, ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఉద్యోగాలు చేసి రిటైరయిన మనలో బిలియర్డ్స్ బల్లను దగ్గరగా చూసినవారే తక్కువ. అవి పెద్ద పట్టణాలలోని ఆఫీసర్ల క్లబ్బులలో ఉండేవి. గుమాస్తాకు, ఉపాధ్యాయునికి, లైన్‌మన్‌కు దక్కింది క్యారంబోర్డు. రిక్రియేషన్ గదిలో ఒక బల్బు కింద, బోరిక్ పౌడర్ చల్లుకొని, నలుగురు ఆడుతుంటే పదిమంది నిలబడి చూసే ఆట అది. అయితే బిలియర్డ్స్, స్నూకర్, పూల్, క్యారం – ఇవన్నీ ఒక కుటుంబంలోని ఆటలే. దెబ్బ కొట్టే వస్తువు ఒకటి, దెబ్బ తినేది ఒకటి, పడవలసిన గుంత ఒకటి. కనుక ఆ పెద్దింటి తగాదా మనకు సులభంగానే అర్థమవుతుంది.

పూల్ ఆటలో ఆ తగాదా ఇప్పుడు బాగా ముదిరింది. 9 అడుగుల బల్ల, 6 పాకెట్లు. ‘నైన్‌బాల్’ పోటీలో 9 బంతులను వరుస సంఖ్యలో కొట్టుకుంటూ పోయి చివరికి తొమ్మిదో బంతిని వేసినవాడు గెలుస్తాడు. నేటి మేటి ఆటగాళ్లు మొదటి దెబ్బ కొట్టి, బల్లంతా ఖాళీ చేసి, గెలిచినవాడే మళ్లీ మొదలుపెట్టాలన్న పద్ధతి ఉంటే రెండో గేమును కూడా అలాగే ముగిస్తారు. ఎదుటివాడు కుర్చీలో కూర్చొని నీళ్లు తాగుతూ ఉండవలసిందే. ఈ బల్ల, ఈ నియమాలు ఇంతటి ఆటగాళ్లకు తగినంత పరీక్ష పెడుతున్నాయా అన్నది ప్రశ్న.

ఇది కొత్త ప్రశ్న కాదు. వంద ఏళ్లకు పైగా చరిత్ర ఉన్నది. అందులో మన దేశానికి కూడా వాటా ఉన్నది. స్నూకర్ పుట్టింది 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో. నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి బిలియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు చేర్చి ఆడించాడు. 1882 ప్రాంతంలో ఊటీ క్లబ్బులో దాని నియమాలు ఒక రూపానికి వచ్చాయి. వానాకాలంలో పొద్దుపోక కనిపెట్టిన ఆట ముందుముందు తల్లి ఆటనే మింగివేస్తుందని అప్పుడెవరూ అనుకోలేదు.

ఆ తల్లి ఆట బిలియర్డ్స్. మూడే బంతులు. మొదట్లో చాలా కష్టంగానే ఉండేది. ఎందుకంటే చెక్క బల్ల వంగేది, అంచులు సరిగా తిప్పికొట్టేవి కావు. 1820లలో పలకరాయి పరుపు, తరువాత రబ్బరు అంచులు వచ్చాయి. పరికరం బాగుపడిన కొద్దీ ఆటగాడి చేయి సాగింది. 1890లో డబ్ల్యు.జె. పీల్ అనే ఆంగ్లేయుడు ఒకే దఫాలో 3,304 పాయింట్లు చేశాడు. చేసిందేమిటయ్యా అంటే, ఎర్ర బంతిని పై మూల పాకెట్‌లో వేయడం, రిఫరీ దానిని తిరిగి అదే చుక్క మీద పెట్టడం, ఇతడు మళ్లీ వేయడం. చూసేవారికి విసుగు పుట్టింది. 1898లో ఆ దెబ్బకు నియమాలతో కళ్లెం వేశారు.

దారి మూస్తే మేధావి గోడ దూకుతాడు. 1907లో టామ్ రీస్ అనే ఆటగాడు రెండు బంతులను పాకెట్ నోటి దగ్గర ఇరికించి, మూడో బంతితో వాటిని సుతారంగా తాకిస్తూ పోయాడు. ఒక్కో తాకిడికి 2 పాయింట్లు. అయిదు వారాల పాటు రోజూ వచ్చి అదే పని! మొత్తం 4,99,135 పాయింట్లు. అప్పటికీ అవుట్ కాలేదు. ఆట సాగినంతసేపూ ప్రేక్షకులు, పత్రికలవారు హాజరు లేరన్న కారణంతో ఆ అంకెను అధికారిక రికార్డుగా గుర్తించలేదు. ఆ దెబ్బనూ నిషేధించారు. అయిదు వారాలు కుర్చీలో కూర్చున్న ఎదుటి ఆటగాడి సహనానికి ఏ రికార్డు పుస్తకమూ చోటివ్వలేదు గానీ, ఇవ్వవలసింది.

తరువాత ఆస్ట్రేలియా నుంచి వాల్టర్ లిండ్రమ్ వచ్చాడు. మూడు బంతులను అంచు వెంబడి పిల్లలను బడికి నడిపించినట్లు నడిపిస్తూ పాయింట్లు కూడబెట్టేవాడు. 1932 జనవరిలో లండన్‌లో జో డేవిస్ మీద సుమారు మూడు గంటలలో 4,137 చేశాడు. ఇన్ని పాయింట్లకు ఒకసారి బంతి బల్ల మీది అడ్డగీత దాటి రావాలని కొత్త నియమం పెట్టారు. అప్పటికే జనం దూరమవుతున్నారు. 1934 తరువాత చాలా ఏళ్లు బిలియర్డ్స్ ప్రొఫెషనల్ ప్రపంచ పోటీయే జరగలేదు. తాను కూర్చొని చూసిన ఆటలో భవిష్యత్తు లేదని జో డేవిస్ గ్రహించాడు. 1927 నుంచే తాను నిలబెడుతూ వచ్చిన స్నూకర్‌ను ముందుకు తీసుకుపోయాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. స్నూకర్ సులభమైన ఆట కాబట్టి గెలవలేదు. దానికి హద్దు ఉన్నది. ఒక ఫ్రేములో మామూలుగా 147కు మించి చేయడానికి బంతులే ఉండవు. 1955లో జో డేవిస్ సాధించిన ఆ 147ను ఇప్పటికి ప్రొఫెషనల్ ఆటలో 200 సార్లకు పైగా సాధించారు. అయినా ఆట చావలేదు; ఫ్రేము ముగుస్తుంది, మొదటి దెబ్బ రెండోవాడికి వెళుతుంది. అమెరికాలో హద్దు లేని ‘స్ట్రెయిట్ పూల్’ ఉండేది. 1954లో విల్లీ మోస్కోనీ 8 అడుగుల బల్ల మీద వరుసగా 526 బంతులు వేసిన ఘనత అందులోనిదే. ప్రధాన పోటీలలో ఆ ఆట క్రమేణా వెనుకబడింది.

మనవారి సంగతి. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయినాడు, 1964లో మరోసారి. తరువాత మైకేల్ ఫెరీరా, గీత్ సేథీ. పంకజ్ అద్వానీ కాలానికి బిలియర్డ్స్ రెండు పద్ధతులుగా చీలింది: ఇన్ని గంటలు అని ఒకటి, ఇన్ని పాయింట్లు అని రెండోది. 2005లో మాల్టాలో ఆయన రెండింటినీ ఒకే ఏడు గెలిచాడు. సుదీర్ఘ ఆటకు ఓర్పు, పొట్టి ఆటకు చురుకు కావాలి. ఆటగాణ్ణి పరీక్షించడానికి పాకెట్ తగ్గించడం ఒక్కటే మార్గం కాదని దీని వలన తెలుస్తున్నది.

అయినా పాకెట్ లెక్క కూడా చూద్దాం. లెక్కల గుమాస్తాలం కదా! పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు. మామూలు మూల పాకెట్ నోరు సుమారు నాలుగున్నర అంగుళాలు. అంటే బంతికి రెట్టింపు. ఈ దశాబ్దంలో పెద్ద పోటీల నిర్వాహకులు దానిని 4 అంగుళాలకు తగ్గించారు. ఇప్పుడది బంతికి ఒకటీ ముప్పావు రెట్లు. ఇక మన క్యారం: పాకెట్ 4.45 సెంటీమీటర్లు, కాయిన్ 3.18కి మించరాదు. అంటే సుమారు ఒకటీ నలభై వంతులే! స్ట్రైకర్ 4.13 వరకు ఉండవచ్చు కనుక అది కూడా పడుతుంది, పడితే డ్యూ కట్టాలి. బంతి దొర్లుతుంది, కాయిన్ జారుతుంది. కాబట్టి ఈ లెక్కతోనే ఏది కష్టమో తేల్చలేము. కానీ నాలుగు రూపాయల పౌడర్ ఆటను తక్కువగా చూడనవసరం లేదని మాత్రం చెప్పవచ్చు.

నియమాలలో కూడా క్యారం ముందుచూపు చూపింది. మన కాలంలో చాలాచోట్ల 29 పాయింట్ల గేము, రెడ్‌కు 5. ఇప్పటి అంతర్జాతీయ నియమాలలో గేము 25 పాయింట్లు లేదా 8 బోర్డులు, ఏది ముందయితే అది. రెడ్‌కు 3 మాత్రమే. 22కు చేరినవానికి రెడ్ వేసినా ఆ పాయింట్లు కలవవు. రెడ్ వేస్తే సరిపోదు, వెంటనే ఫాలో కూడా పడాలి. మొదటి దెబ్బ బోర్డు బోర్డుకు మారుతుంది. గట్టి చేయి గలవారు ఒకే దఫాలో తొమ్మిది కాయిన్లూ, రెడ్డూ వేయగలరు. అయినా ఒక బోర్డులో 12 పాయింట్లకు మించి రావు. ఈ కట్టుబాట్ల నడుమనే హైదరాబాద్‌లోని ఎల్ఐసీ ఉద్యోగిని ఎస్. అపూర్వ 2016లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ విజేత అయినారు. సాటి ఉద్యోగిగా మనకూ గర్వమే.

నా ఉద్దేశంలో పూల్ మేటి పోటీలకు పాకెట్ తగ్గించడం న్యాయమే గానీ, అంతకన్నా ముఖ్యం మొదటి దెబ్బ వంతులవారీగా మారడం. ఎదుటివాడు లేవలేని ఆటను ఎంత కష్టం చేసినా చూసేవాడుండడు. మరి పట్నంలో గంటకింత అని చెల్లించి ఆడే కుర్రవాళ్ల బల్లలకు ఛాంపియన్ల కొలత ఎందుకు? నాలుగు దెబ్బలు కొట్టి ఒక్కటీ పడకపోతే రేపు వాడు రాడు. శుక్లం ఆపరేషన్ అయి, వేలు వణికే మన వయసువారికైతే 4.45 సెంటీమీటర్లే ఒక పెద్ద పరీక్ష.

సెలవులకు మనుమలు వచ్చినప్పుడు ఇంట్లోని బోర్డు పాకెట్ మీద స్కేలు పెట్టి చూడండి. పిల్లల కోసమని అమ్మే చిన్న బోర్డులకు ఈ కొలతలు వర్తించవు. కాయిన్ అందులోకి ఎంత వదులుగా పడుతున్నదో చూస్తే, ఇంట్లో గెలుస్తున్న మనుమరాలు పోటీ బోర్డు దగ్గర ఎందుకు తడబడుతున్నదో తెలుస్తుంది.