గిరగిర తిరిగే చేపపిల్లలు

నేను రోజూ చేసేది కంప్యూటర్ల పని. ఈ వారం దానితో ఏ సంబంధమూ లేని విషయం ఎత్తుకుంటున్నాను: చేప చెవి. చేపకు చెవులేమిటని పిల్లలు నవ్వుతారేమో! బయటికి కనబడవు గానీ రెండున్నాయి. అవి కాక, ఒంటి పొడుగునా నీటి కదలికను పసిగట్టే చిన్న చిన్న గుత్తుల వరస ఒకటుంటుంది. రెండు చోట్లా పని చేసేది ఒకే రకం కణం. దాని నెత్తిన సన్నటి రోమాల్లాంటివి ఉంటాయి కాబట్టి రోమకణం అందాం. మన లోపలి చెవిలో ఉన్నదీ ఆ జాతిదే.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసిన పేరు జార్జి స్ట్రైసింగర్. 1927లో బుడాపెస్టులో పుట్టాడు. యూదు కుటుంబం, నాజీల భయంతో అమెరికా చేరారు. మనలాగే వలస వచ్చినవాడన్నమాట, కాకపోతే మనం వీసాతో వచ్చాం, వాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. ఒరెగాన్ యూనివర్సిటీలో చేరాక, అప్పటిదాకా వైరస్ల మీద చేసిన పని పక్కనపెట్టి, జీబ్రా చేపను పట్టుకున్నాడు. పెట్ షాపుల్లో దొరికే చారల చేపే. అసలు పుట్టిల్లు మన ఇండియా వైపు వాగులు, వరిమళ్ళు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో దాన్ని వర్ణించాడు.

ఈ చేపే ఎందుకంటే, దీని గుడ్డు తల్లి బయట ఎదుగుతుంది, పైగా అద్దంలా ఉంటుంది. ఒక రోజుకి గుండె కొట్టుకోవడం, అయిదు రోజులకల్లా పిల్ల ఈదడం మైక్రోస్కోపులో చూడొచ్చు.

ప్రతి జీన్‌కీ సాధారణంగా రెండు ప్రతులుంటాయి, అమ్మ దగ్గర్నించి ఒకటి, నాన్న దగ్గర్నించి ఒకటి. ఒకటి పాడైనా చాలాసార్లు రెండోది ఆదుకుంటుంది, లోపం బయటపడదు. స్ట్రైసింగర్ ఏం చేశాడంటే, మగచేప వీర్యంలోని జీన్లను అతినీలలోహిత కాంతితో చంపి, దానితో గుడ్డును కదిలించి, తర్వాత వేడి తగిలించి మొదటి విభజనను ఆపాడు. తల్లి ప్రతే రెండింతలయింది. దాపరికం లేని చేప! ఆ వ్యాసం 1981లో నేచర్ పత్రికలో వచ్చింది. మూడేళ్ళకే, 1984లో, ఆయన పోయాడు.

రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి రావడం మనకు బొత్తిగా తెలియని సంగతి కాదు. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. మా పిన్ని మనవడికి పుట్టుచెవుడు. వాళ్ళమ్మానాన్నలది మేనరికమే. కడుపుతో ఉండి గ్రహణం నాడు బయటికి వచ్చిందని ఊళ్ళో అందరూ ఆ పిల్లనే అన్నారు. తర్వాత టెస్టు చేయిస్తే, పాడైన ప్రతి ఇద్దరి దగ్గర్నించీ చెరొకటి వచ్చిందని తేలింది. ఆ అమ్మాయిని అన్న మాటలు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మళ్ళీ చేపల దగ్గరికొద్దాం. 1990లలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ బృందం, ఇటు బోస్టన్‌లో మరో బృందం, లోపాలున్న చేపపిల్లల్ని వేలకొద్దీ వెతికాయి. 1996 డిసెంబరులో డెవలప్‌మెంట్ అనే పత్రిక ఒక సంచిక మొత్తం ఆ ఫలితాలకే ఇచ్చింది. వాటిలో కొన్ని పిల్లలు తిన్నగా ఈదలేక గిరగిర తిరిగేవి. గిన్నె తడితే ఉలిక్కిపడేవి కావు. చెవిలో తేడా ఉంటే తూకం కూడా పోతుంది కదా. తిరిగేవి కాబట్టి వాటికి అంతరిక్షం పేర్లు పెట్టారు: స్పుత్నిక్, మారినర్, ఆర్బిటర్, జెమిని. శాస్త్రవేత్తల సరదా!

ఆ సరదా పేర్ల వెనక ఉన్నది మాత్రం సరదా విషయం కాదు. మారినర్‌లో పాడైన జీన్ మయోసిన్ 7ఎ అని 2000లో తేలింది. మనుషుల్లో అదే జీన్ పాడైతే అషర్ సిండ్రోమ్ వస్తుందని 1995లోనే తెలిసింది. అందులో బిడ్డ చెవుడుతో పుడుతుంది, పెరిగేకొద్దీ చూపు కూడా తగ్గుతుంది. స్పుత్నిక్‌లో పోయింది క్యాడ్‌హెరిన్ 23. రోమాల కొసల్ని కలిపి కట్టే సన్నటి దారంలో ఈ ప్రొటీన్ ఉందని 2004లో చేపల్లో చూపించారు. శబ్దానికి రోమాలు వంగితే దారం బిగుస్తుంది, ద్వారం తెరుచుకుంటుంది, కణానికి కబురు అందుతుంది. దారం తెగితే కబురే లేదు.

అసలు చెవి పుట్టడం ఇంకా విచిత్రం. వెనక మెదడు నుంచి ఎఫ్‌జిఎఫ్ అనే ప్రొటీన్ల సంకేతం వస్తే, పక్కనున్న చర్మం మందమై చెవి మొగ్గ అవుతుంది. ఆ మొగ్గలో రోమకణం కాబోయే కణం, డెల్టా అనే ప్రొటీన్‌తో పక్కకణాన్ని నువ్వు కావద్దని ఆపుతుంది. పక్కకణం నాచ్ అనే ప్రొటీన్‌తో ఆ మాట వింటుంది, ఊతకణంగా మిగులుతుంది. మైండ్‌బాంబ్ అనే చేపలో ఈ మాట అందదు. అందరూ రోమకణాలే అవుతారు, ఊతమిచ్చేవాళ్ళు ఉండరు. అందరూ పెళ్ళికొడుకులే అయితే పందిరి వేసేదెవరు?

ఆ ఊతకణాలకు మరో పని కూడా ఉంది. మందు వేసి చేప రోమకణాల్ని చంపితే, ఇవే విభజన చెంది రెండు మూడు రోజుల్లో కొత్తవి ఇస్తాయి. మన చెవిలోనూ ఊతకణాలున్నాయి, కానీ పుట్టాక ఆ పని దాదాపు చెయ్యవు. చేపలో ఏ జీన్లు ఆ పని మొదలుపెడుతున్నాయో ఇప్పుడు చాలా ల్యాబులు వెతుకుతున్నాయి.

ఈ టాక్ విని ఇండియాకి ఫోన్ చేసేవాళ్ళుంటే ఒక మాట. ఇక్కడ అమెరికాలో బిడ్డ పుట్టగానే ఆసుపత్రిలోనే చెవి పరీక్ష చేసేస్తారు. అక్కడ మాత్రం చేశారో లేదో మనమే అడిగి, చెయ్యకపోతే చేయించాలి.