తొమ్మిదో ప్రశ్న: ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చింది?

మాది శామీర్‌పేట. రెండేళ్ల కింద మా బావను మానసిక డాక్టర్ దగ్గరికి తీసుకుపోయిన. లోపలికి పిలిచే ముందు ఒక కాగితం చేతిలో పెట్టిన్రు. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో నిద్ర ఎట్లుంది, ఆకలి ఎట్లుంది అని. ఆఖరిది మాత్రం సూటిగా ఉంది: చచ్చిపోతే బాగుండని గానీ, నీకు నువ్వే హాని చేసుకోవాలని గానీ అనిపించిందా? పక్కనే అక్క కూర్చుంది. బావ ‘అస్సలు లేదు’ మీద టిక్ కొట్టిండు.

ఆ కాగితం పేరు పీహెచ్‌క్యూ-9. ఈరోజు దాని కథే చెప్తా.

1960లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మాక్స్ హామిల్టన్ అనే డాక్టర్ ఒక కొలబద్ద తయారుచేశాడు. డిప్రెషన్ మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి. మందు పనిచేస్తోందో లేదో తెలియాలి కదా. డాక్టరే పేషెంటుతో మాట్లాడి 17 అంశాలకు మార్కులు వేస్తాడు. అయితే అది డిప్రెషన్ ఉందని ముందే తేలినవాళ్ల కోసం. జబ్బును కనిపెట్టడానికి కాదు. ఈ ముక్క తర్వాత చాలామంది మర్చిపోయారు.

మరుసటి ఏడాదే అమెరికాలో ఆరన్ బెక్ పెన్ను పేషెంటు చేతికే ఇచ్చాడు. 21 ప్రశ్నలు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వెనక దిగులు కంటే ‘ఇక ముందు ఏమీ లేదు’ అనే నిరాశే పెద్దదని ఆయన గట్టిగా నమ్మాడు. 1974లో దాన్ని కొలవడానికి విడిగా 20 వాక్యాలు రాశాడు. పీహెచ్‌క్యూ-9 వచ్చింది 2001లో. ఫైజర్ కంపెనీ డబ్బుతో తయారైంది, కానీ వాడుకోవడానికి ఫ్రీ. మొత్తం 27 మార్కులు. తెలుగులో కూడా ఉంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా వర్కర్లు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఇవే ప్రశ్నలు అడిగారు.

మరి మార్కులు చూసి ఎవరికి ప్రమాదమో ముందే చెప్పొచ్చా? అమెరికాలో పోకోర్నీ అనే డాక్టర్ 4,800 మంది పేషెంట్లను ఏళ్ల తరబడి గమనించాడు. వాళ్లలో 67 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లెవరో ముందే పట్టుకునే లెక్క దొరకలేదని 1983లో ఒప్పుకున్నాడు. అనుమానించినవాళ్లలో చాలా ఎక్కువమందికి ఏమీ కాలేదు, పోయినవాళ్లలో చాలామంది లెక్కకే అందలేదు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2022లో తేల్చి చెప్పింది: ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో ఊహించడానికి స్కేళ్లు వాడొద్దు, మనిషితో మాట్లాడండి.

అయితే కాగితం దండగా? నేను అట్ల అనుకోను. అడిగితే లేని ఆలోచన పుడతదని మన ఇళ్లల్ల భయం. పరిశోధనల్లో అట్లాంటిదేం తేలలేదు.

ఆ రోజు డాక్టర్ కాగితం చూసి, అక్కను కాసేపు బయట కూర్చోమన్నది. ఆ తొమ్మిదో ప్రశ్ననే మళ్లీ నోటితో అడిగింది. బావ చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత, “వస్తుంది మేడమ్, దాదాపు రోజూ” అన్నడు. ఆమె సున్నా కొట్టేసి మూడు రాసింది. ట్రీట్‌మెంట్ ఆ రోజే మొదలైంది. మొన్న చెరువు కట్ట మీద కలిసినప్పుడు ఇదంతా వీడియోలో చెప్పమన్నది బావనే.

మీకో, మీ దోస్తుకో అట్లాంటి ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.