పచ్చిపులుసు: ఒక పాఠం దిద్దుబాటు

జనగామ ప్రాంతపు వేసవి భోజనంలో పచ్చిపులుసుదే పెద్దపీట. బొగ్గుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలను చింతపండు రసంలో పిసికి, ఉల్లిముక్కలు, వేయించిన నువ్వుల పొడి కలిపితే చాలు. మరిగించే పని లేదు. అదే నిప్పుల మీద వంకాయ కాలుతుంది, పచ్చడికి. మండుటెండల్లో పొయ్యి సెగను తగ్గించుకొన్న ఇల్లాండ్ర తెలివి అది.

ఈ పులుసు కాకతీయుల నాటిదని తరగతిలో ఎన్నో ఏండ్లు చెప్పాను. అది పొరపాటు. పాలకుర్తివాడుగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు మిరపకాయను ఎరుగడు. అది అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కోడగామా మలబారు తీరం చేరిన తరువాత పోర్చుగీసుల వెంట మన దేశానికి వచ్చింది. ఓరుగల్లు అంతకు 175 ఏండ్ల ముందే, 1323లో, పతనమైంది. ఆనాటి కారం మిరియాలది. ఆ మిరియం పేరే కొత్త కాయకు అంటుకొని మిరప అయింది.

మహబూబాబాదు కల్లాల్లో ఎర్రని మిరప రాశులు చూచినవారికి ఈ మాట నమ్మబుద్ధి కాదు. కాని వంకాయ, చింతపండు, నువ్వులు, నిప్పు మాత్రం సోమనాథుని కంటె పాతవి. భూపాలపల్లి అడవిలో వేసవి మొదట రాలే ఇప్పపూలను ఏరి, ఎండబెట్టి, వేయించుకొనే కోయల వంటకు ఏ ఓడ సరుకూ అక్కరలేకపోయింది.

నేడు ఆ వంకాయను గ్యాసు మంట మీద కాలుస్తున్నాము. తొక్క నల్లబడుతుంది గాని, బొగ్గుల వాసన పట్టదు. నిన్నటి చుట్టం మిరప ఇంటిదైంది. తరాల నాటి కుంపటి అటకెక్కింది.

నా పూర్వ విద్యార్థులెవరైనా ఇది చదివితే, ఆనాటి పాఠాన్ని దిద్దుకొందురు గాక!