మూడక్షరాల వెనక మనుషులు

విజ్ఞానశాస్త్ర చరిత్రను మన పాఠ్యపుస్తకాలు మహాపురుషుల జాబితాగా చెబుతాయి. సాహిత్య చరిత్రనూ మనం యుగకర్తల వరసగానే రాసుకుంటూ వస్తున్నాం. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఒక ఫ్రెంచి వైద్య శాస్త్రజ్ఞుడి పరిశోధనా జీవితాన్ని ఇక్కడ చర్చకు పెట్టడానికి కారణం ఇదే. వ్యక్తి ప్రతిభకూ సామూహిక శ్రమకూ ఉన్న సంబంధం జాఁ దౌసే (1916-2009) కృషిలో స్పష్టంగా కనిపిస్తుంది.

రక్తం గురించిన అతని చదువు యుద్ధరంగంలో మొదలైంది. నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్ విడిచి ఉత్తర ఆఫ్రికాకు వెళ్లే ముందు, తన గుర్తింపు పత్రాలను ఒక యూదు సహచరుడికి ఇచ్చాడు. ట్యునీషియా పోరాటంలో క్షతగాత్రులకు రక్తం ఎక్కించాడు. యుద్ధం ముగిశాక పారిస్‌లో రక్తమార్పిడి కేంద్రంలో కుదురుకున్నాడు.

1950ల తొలినాళ్లలో అతనికి ఒక విషయం కనిపించింది. అనేకసార్లు రక్తం ఎక్కించుకున్న రోగుల సీరం ఇతరుల తెల్లకణాలను ముద్ద కట్టిస్తోంది. అదే సీరం ఆ రోగి సొంత కణాలను ముట్టుకోవడం లేదు. అంటే తెల్లకణాల మీద మనిషికీ మనిషికీ తేడా చెప్పే గుర్తులున్నాయన్నమాట. 1958లో అటువంటి మొదటి గుర్తును ప్రకటించాడు. ఏకరూప కవలల్లో అది ఒకే తీరున ఉండడం వల్ల వంశపారంపర్యమని తేలింది. రక్తమార్పిడి గదిలో పుట్టిన ప్రశ్న ఆ విధంగా జన్యుశాస్త్రాన్నీ రోగనిరోధక శాస్త్రాన్నీ ఒకచోట చేర్చింది.

ఈ దారి దౌసే ఒక్కడే వేసింది కాదు. హాల్డేన్ వద్ద జన్యుశాస్త్రం నేర్చిన పీటర్ గోరర్ 1930లలోనే లండన్‌లో ఎలుకల్లో ఇటువంటి గుర్తును కనిపెట్టాడు. అమెరికాలో జార్జి స్నెల్ దాన్ని ఏళ్ల తరబడి ఎలుకల సంకరణాలతో విడదీసి చూపాడు. మనుషుల్లో ఆ పని ముందుకు సాగడానికి వందలాది స్వచ్ఛంద సేవకులు పూనుకున్నారు. రక్తం ఇచ్చారు, పరాయివాళ్ల చర్మపు ముక్కలను తమ ఒంటిమీద అతికించుకున్నారు. ఏ ముక్క ఎన్నాళ్లు నిలిచింది, ఏది ఎప్పుడు రాలిపోయింది అన్న లెక్కలమీదే అవయవ మార్పిడి శాస్త్రం చాలావరకు నిలబడింది. 1965లో ప్రాగ్ శాస్త్రజ్ఞులతో కలిసి దౌసే ఈ గుర్తులన్నీ ఒకే వ్యవస్థకు చెందినవని ప్రతిపాదించాడు. ప్రచ్ఛన్నయుద్ధం గీసిన గీత ఆ సహకారాన్ని ఆపలేకపోయింది. ఒకే తల్లిదండ్రుల బిడ్డలిద్దరికి ఈ గుర్తులు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మూత్రపిండం దానం చేసే తోబుట్టువును ఎంచేటప్పుడు వైద్యులు ఈనాటికీ చూసే లెక్క ఇది.

1958 నాటి ఆ గుర్తుకు దౌసే పెట్టిన పేరు ‘మాక్’. పరిశోధనకు ముఖ్యంగా తోడ్పడిన ముగ్గురు స్వచ్ఛంద సేవకుల పేర్లలోని మొదటి అక్షరాలవి. అంతర్జాతీయ నామకరణ విధానం వచ్చాక అది హెచ్.ఎల్.ఎ.-ఎ2గా మారింది. దేశదేశాల ప్రయోగశాలలు ఒకే భాష మాట్లాడుకోవాలంటే అటువంటి ఏకరూపత అవసరమే, కాదనలేం. కాని ఆ అవసరం కిందపడి ఆ ముగ్గురి ఆనవాలు చెరిగిపోయింది. 1980లో నోబెల్ బహుమతి స్నెల్, బెనాసెరాఫ్, దౌసేలకు వచ్చింది. గోరర్ 1961లోనే చనిపోయాడు. చర్మం ఇచ్చినవాళ్లకు ఏ జాబితాలోనూ చోటు లేదు.

మన జానపద గేయ సంకలనాల సంగతీ ఇంతే కదా! సేకర్త పేరు అట్టమీద ఉంటుంది. పాడిన ముసలమ్మ పేరు చాలాసార్లు పీఠికలో కూడా ఉండదు.

దౌసే ఈ రుణాన్ని గుర్తించాడని అతని తరువాతి ఆచరణ చెబుతుంది. కళాసంపద కలిగిన ఒక దాత ఇచ్చిన ఆస్తితో 1984లో పారిస్‌లో ఒక పరిశోధన కేంద్రం స్థాపించాడు. పెద్ద కుటుంబాల నుంచి సేకరించిన డి.ఎన్.ఎ.ను ప్రపంచంలోని ప్రయోగశాలలకు ఆ కేంద్రం పంచింది. తీసుకున్నవాళ్లు తమ ఫలితాలను ఉమ్మడి ఖాతాలో జమచేయాలి, అదే షరతు. మానవ జన్యుపటాల తొలి గీతలు ఆ కుటుంబాల ఆధారంగానే పడ్డాయి. అదే కాలంలో కంపెనీలు జన్యువులమీద పేటెంట్లకు బారులు తీరాయి. ప్రకృతిసిద్ధమైన డి.ఎన్.ఎ. ఎవరి సొత్తూ కాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పడానికి 2013 దాకా పట్టింది.

ముద్దకట్టిన కణాలను ఇంకెవరైనా చూసి ఊరుకునేవారేమో. అందులో ప్రశ్నను చూసింది దౌసే ప్రతిభ. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం వందలమంది ఒంటిమీద రాయబడింది. చరిత్ర రాసే మనం రెండింటినీ రాయాలి. మొదటిది రాయడం మనకు అలవాటే. రెండోదానికి ఇంకా కలం విదిలించాల్సి ఉంది.