బడ్ రైల్ డీజిల్ కారు

ముందు ఇంజిన్ తగిలించనక్కర్లేకుండా, తన అడుగున అమర్చిన డీజిల్ యంత్రాలతో తానే నడిచే ప్రయాణికుల రైలు పెట్టెల్లో బాగా పేరు తెచ్చుకున్నది బడ్ రైల్ డీజిల్ కారు. రైల్వే వాళ్లు పొట్టిగా ఆర్‌డీసీ అంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన బడ్ కంపెనీ 1949–1962 మధ్య 398 పెట్టెలు తయారు చేసింది. అమెరికా, కెనడాలతో పాటు క్యూబా, బ్రెజిల్, సౌదీ అరేబియా, ఆస్ట్రేలియాల్లోనూ ఇవి తిరిగాయి. జనం పలచగా ఎక్కే మార్గంలో రైలు నడిపే ఖర్చును ఇది బాగా తగ్గించింది. బస్సుకో సొంత కారుకో మళ్లిన ప్రయాణికుణ్ని వెనక్కి రప్పించడం మాత్రం దీని వల్ల కాలేదు.

పూర్వ ప్రయత్నాలు

అమెరికాకు ఈ ఆలోచన కొత్తది కాదు. 1905లో ఒమాహాలో విలియం మెకీన్ పెట్రోలు రైలు కారును పట్టాలెక్కించాడు. ఆ తర్వాత పెట్రోలు ఇంజిన్‌తో కరెంటు పుట్టించి, దానితో మోటార్లు తిప్పుకునే పెట్టెలు వందల సంఖ్యలో శాఖా మార్గాల్లో తిరిగాయి. వాటిలో చప్పుడు ఎక్కువ, వేగం తక్కువ.

బడ్ కంపెనీ మోటారు కార్లకు ఉక్కు బాడీలు చేస్తూ ఎదిగింది. 1930 దశకం మొదట్లో స్టెయిన్‌లెస్ స్టీలు వైపు తిరిగింది. ఆ స్టీలును ఎక్కువసేపు వేడి చేస్తే తుప్పును తట్టుకునే గుణం పోతుంది. అందుకని క్షణంలో చిన్న భాగం పాటు భారీ కరెంటు పంపి అతికించే వెల్డింగు పద్ధతిని కంపెనీ ఇంజనీర్లు కనిపెట్టారు. రంగు వేయకపోయినా దశాబ్దాల తరబడి తుప్పు పట్టని బాడీలు దీనివల్లే సాధ్యమయ్యాయి.

రైలు కార్లలో మాత్రం కంపెనీ మొదట దెబ్బలే తింది. ఫ్రాన్సు మిషెలిన్ కంపెనీతో కలిసి రబ్బరు టైర్ల రైలు కారు చేసింది. టైర్లు మోయగలిగిన బరువు తక్కువ కావడంతో అది నిలబడలేదు. 1941లో డెన్వర్–సాల్ట్ లేక్ సిటీ మధ్య ప్రవేశపెట్టిన ‘ప్రాస్పెక్టర్’ రైళ్లు రాకీ పర్వతాల ఎత్తులకు శక్తి చాలక మరుసటి ఏడాదే ఆగిపోయాయి. ఇన్ని చేదు అనుభవాల తర్వాత రైల్వే కంపెనీలు కాగితం మీది బొమ్మను నమ్మి ఆర్డరిచ్చే పరిస్థితి లేదు. అందుకే 1949లో బడ్ సొంత ఖర్చుతో నమూనా పెట్టె తయారు చేసి, ఊరూరా తిప్పి చూపించింది.

నిర్మాణం

ఈసారి విజయానికి కారణం రెండో ప్రపంచ యుద్ధం. సైన్యంలో ఆయుధ విభాగంలో పనిచేసి వచ్చిన మేజర్ జనరల్ గ్లేడియన్ బార్న్స్ బడ్‌లో ఇంజనీరింగు బాధ్యతలు చేపట్టాడు. జనరల్ మోటార్స్ వారి డెట్రాయిట్ డీజిల్ ఆరు సిలిండర్ల ఇంజిను, ట్యాంకుల కోసం రూపొందిన హైడ్రాలిక్ టార్క్ కన్వర్టరు అప్పటికి సిద్ధంగా ఉన్నాయి. ఇంజిన్‌ను దాదాపు పక్కకు పడుకోబెడితే పెట్టె అడుగున ఇమిడిపోయింది.

ఒక్కో పెట్టెకు 275 హార్స్‌పవర్ ఇంజిన్లు రెండు. తర్వాతి కాలంలో 300కు పెంచారు. ఒక్కో ఇంజిను తన వైపు చక్రాల బండిలో లోపలి ఇరుసును మాత్రమే తిప్పుతుంది. ఒకటి చెడిపోయినా రెండో దానితో బండి నిదానంగా స్టేషను చేరగలదు. రేడియేటర్లను కప్పు మీదికి ఎక్కించారు. దూరం నుంచి చూసినా ఆర్‌డీసీని గుర్తుపట్టించే గూని వాటిదే. డిస్కు బ్రేకులు, చక్రాలు జారకుండా చూసే పరికరం ఆ రోజుల్లో విశేషాలే. 85 అడుగుల పొడవు, సుమారు 53 టన్నుల బరువు, గంటకు 85 మైళ్లు, అంటే దాదాపు 137 కి.మీ. గరిష్ఠ వేగం.

ఒకటో రకంలో 90 సీట్లు ఉండేవి. రెండో రకంలో కొంత చోటు సామానుకు, మూడో దానిలో సామానుతో పాటు తపాలాకూ కేటాయించారు. నాలుగో రకంలో ప్రయాణికులే ఉండరు.

ఉపయోగం

శాఖా మార్గంలో అరవై మందిని తీసుకెళ్లడానికి వంద టన్నుల ఇంజిన్ వెంట రెండు పెట్టెలు కట్టడం దండగ ఖర్చు. ఆవిరి ఇంజిన్ అయితే బొగ్గు, నీళ్లు, చివరి స్టేషన్లో దాన్ని తిప్పే చక్రవేదిక కూడా కావాలి. ఆర్‌డీసీకి రెండు కొసల్లోనూ డ్రైవరు గది ఉంది. అతను ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే బండి తిరుగు ప్రయాణానికి సిద్ధం.

పెట్టెలను జతచేసినా అన్నిటినీ ఒకే డ్రైవరు నడపగలడు. ఉదయం రద్దీకి ఆరు పెట్టెలు కలిపి, మధ్యాహ్నం విడదీసి ఒక్కోటిగా పంపవచ్చు. ప్రతి పెట్టె తన శక్తి తాను తెచ్చుకుంటుంది కాబట్టి ఎన్ని కలిపినా వేగం పుంజుకోవడం మందగించదు. స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట ఇది పెద్ద లాభం. కాని ఆరు పెట్టెలంటే పన్నెండు ఇంజిన్ల మరమ్మతు. రద్దీ రోజంతా స్థిరంగా ఉంటే ఒక పెద్ద ఇంజిన్, వెనుక మామూలు పెట్టెలు చవక. 109 ఆర్‌డీసీలతో అన్నిటికంటే పెద్ద సముదాయం నడిపిన బోస్టన్ అండ్ మెయిన్ కథే ఇందుకు సాక్ష్యం. వాటిలో చాలా పెట్టెల ఇంజిన్లను చివరికి తీసేసి, లోకోమోటివ్‌తో లాగించారు.

దూర మార్గాల్లోనూ వీటిని వాడారు. వెస్టర్న్ పసిఫిక్ సంస్థ ‘జెఫిరెట్’ పేరుతో ఓక్లాండ్–సాల్ట్ లేక్ సిటీ మధ్య 924 మైళ్లు ఒక్క పెట్టెతోనే 1950 నుంచి 1960 వరకు వారానికి మూడుసార్లు నడిపింది. ఆ దూరం కూర్చునే ప్రయాణించాలి; సౌకర్యం కంటే కంపెనీ లెక్కే అక్కడ గెలిచిందనిపిస్తుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా కొండల గుండా నార్త్ వాంకూవర్–ప్రిన్స్ జార్జ్ మార్గంలో 1956లో మొదలైన సేవ 2002 దాకా సాగింది. ఒంటారియోలో సడ్‌బరీ–వైట్ రివర్ మధ్య రోడ్డు లేని అడవి ఆవాసాలకు వియా రైల్ సంస్థ ఇవే నడిపింది. పడవలతో వచ్చిన వాళ్లు పట్టాల పక్కన చెయ్యెత్తితే బండి ఆగేది.

1956 జనవరి 22న లాస్ ఏంజెలెస్ వద్ద శాంటా ఫే వారి రెండు పెట్టెల ఆర్‌డీసీ మలుపులో మితిమీరిన వేగంతో పోయి బోల్తాపడింది. 30 మంది చనిపోయారు. మరో వైపు 1966 జులైలో న్యూయార్క్ సెంట్రల్ సంస్థ ఒక ఆర్‌డీసీ కప్పు మీద రెండు పాత జెట్ ఇంజిన్లు బిగించి, ఇండియానా–ఒహాయో సరిహద్దు ప్రాంతపు పట్టాలపై గంటకు సుమారు 296 కి.మీ. వేగం సాధించింది. ప్రచారం వచ్చింది గాని, ప్రయాణికుడికి ఒరిగింది ఏమీ లేదు. జెట్ ఇంజిన్లు విప్పేసి ఆ పెట్టెను మళ్లీ రోజువారీ పనికి పంపారు.

క్షీణత

1956లో మొదలైన అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం రైళ్ల నుంచి జనాన్ని లాగేసింది. 1967లో తపాలా శాఖ రైలు తపాలా ఒప్పందాల్లో ఎక్కువ భాగం రద్దు చేయడంతో, టికెట్ల నష్టాన్ని పూడుస్తున్న రాబడి కూడా పోయింది. 1970 దశకం చివర బడ్ తెచ్చిన ఎస్‌పీవీ-2000 అనే కొత్త డీజిల్ కారు తరచూ మొరాయించేది. కనెటికట్ రాష్ట్రం కొన్నవాటిని తర్వాత మామూలు పెట్టెలుగా మార్చారు.

భారతదేశంలో

మన రైల్వేలు ఎంచుకున్నది డెమూ పద్ధతి: కొసన ఉండే పెట్టెలోని డీజిల్ ఇంజిన్ కరెంటు పుట్టిస్తే, మిగతావి దాని వెంట నడుస్తాయి. ఒంటి పెట్టె పద్ధతికి దగ్గరగా వచ్చింది కాకినాడ టౌన్–కోటిపల్లి రైల్‌బస్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేసిన ఈ 45 కి.మీ. మార్గాన్ని 2004లో మళ్లీ తెరిచారు. ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డుకు చేరే ఈ దారిలో బస్సులకు, షేర్ ఆటోలకు కొదవ లేదు. ఒంటి పెట్టెకున్న అసలు బలం తక్కువ ఖర్చుతో ఎక్కువ ట్రిప్పులు తిప్పగలగడం. రైల్‌బస్ పొద్దున ఒక్కసారి వెళ్లి తిరిగి వచ్చేస్తే ఆ బలం అక్కరకు రాదు. కోటిపల్లి నుంచి గోదావరి పాయలు దాటి నర్సాపురం దాకా పొడిగించే పథకం పూర్తయితే ఆ దారి స్వభావమే మారుతుంది.

వారసులు

ఢీకొన్నప్పుడు పెట్టె ఎంత గట్టిగా ఉండాలన్న అమెరికా నిబంధనలు కఠినమైనవి. యూరప్ తేలికపాటి డీజిల్ కార్లు అక్కడి గూడ్సు రైళ్లతో పట్టాలు పంచుకోవడం అందుకే కష్టమైంది. 2004లో న్యూజెర్సీలో మొదలైన రివర్ లైన్, స్టాడ్లర్ డీజిల్ బండ్లను నడపడానికి గూడ్సు రైళ్లను రాత్రి వేళకు పరిమితం చేసింది. కాలిఫోర్నియాలో 2017లో ప్రారంభమైన స్మార్ట్ రైలు మార్గం ఆ నిబంధనలకు సరిపడేలా నిప్పన్ షర్యో తయారు చేసిన బండ్లను ఎంచుకుంది. టొరంటో విమానాశ్రయ మార్గంలో 2015 నుంచి తిరుగుతున్నవీ అదే కంపెనీవి.