అడ్రినల్ సిర రక్త పరీక్ష: దుష్ఫలితాల చరిత్ర

మూత్రపిండాలపై ఉండే రెండు అడ్రినల్ గ్రంథుల సిరల నుంచి విడివిడిగా రక్తం తీసి, ఆల్డోస్టిరాన్ హార్మోన్ ఏ వైపు అతిగా ఊరుతోందో తేల్చే పరీక్ష ఇది. ఈ హార్మోన్ అదుపు తప్పితే ఒంట్లో ఉప్పు నిలిచి రక్తపోటు పెరుగుతుంది. లోపం ఒక్క గ్రంథిలోనే ఉంటే శస్త్రచికిత్సతో దాన్ని తొలగిస్తారు. రెండింటిలోనూ ఉంటే మందులు వాడతారు.

ఆరంభం

ఆల్డోస్టిరాన్ అతిగా ఊరే ఈ వ్యాధిని అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ 1955లో వివరించారు. తొడ మొదట్లోని సిర గుండా కేథటర్ అనే సన్నని గొట్టాన్ని పంపి, అడ్రినల్ సిర రక్తంతో వ్యాధిని గుర్తించవచ్చని 1967లో జేమ్స్ మెల్బీ బృందం ప్రకటించింది. గ్రంథిలోని కణితిని చూడటానికి సిరలోకి రక్తప్రవాహానికి ఎదురుగా డై ఎక్కించి ఎక్స్‌రే తీసే వీనోగ్రఫీ కూడా 1970లలో వాడుకలో ఉండేది.

హాని జరిగే తీరు

గ్రంథి రక్తం ప్రధానంగా ఒకే సిర ద్వారా బయటికి పోతుంది. డైని ఒత్తిడితో ఎక్కిస్తే ఆ పలుచని సిర చిట్లి గ్రంథిలో రక్తస్రావం కావచ్చు. రక్తం గడ్డకట్టి కణజాలం చచ్చిపోవచ్చు. పరీక్ష జరుగుతుండగానో తర్వాతో నడుములో తీవ్రమైన, తగ్గని నొప్పి దీనికి సూచన. రెండు గ్రంథులూ దెబ్బతింటే వాటి హార్మోన్లు కొరవడే అడిసన్ వ్యాధి వచ్చి, రోగి జీవితాంతం స్టిరాయిడ్ మాత్రలపై ఆధారపడాలి. కుడి సిర పొట్టిది, నేరుగా మహాసిరలో కలుస్తుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం.

జాగ్రత్తలు

సీటీ స్కాన్ వచ్చాక గ్రంథిని చూడటానికి డై నింపే అవసరం తప్పింది. గొట్టం సరైన చోట ఉందో లేదో చూసేందుకు కొద్దిపాటి డై సరిపోతోంది. 20 కేంద్రాల్లో జరిగిన 2,604 పరీక్షలను పరిశీలించి 2012లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో సిర చిట్లడం 0.61 శాతమే. ఎక్కువ పరీక్షలు చేసిన రేడియాలజిస్టుల చేతిలో అది ఇంకా తక్కువ. రోగికి అసలైన రక్షణ అనుభవమున్న చెయ్యే. కాబట్టి ఈ పరీక్షను దానిలో ఆరితేరిన కేంద్రాలకే అప్పగించాలి.

ప్రత్యామ్నాయాలు

వయసు 35 లోపు ఉండి, వ్యాధి లక్షణాలు స్పష్టంగా, పొటాషియం తక్కువగా, సీటీలో ఒకవైపే కణితి ఉంటే ఈ పరీక్ష లేకుండానే శస్త్రచికిత్సకు వెళ్లవచ్చని 2016 మార్గదర్శకాలు చెప్పాయి. మెటోమిడేట్ అనే పదార్థాన్ని ఎక్కించి చేసే పెట్ స్కాన్ ఈ పరీక్షకు తీసిపోదని 2023లో బ్రిటన్ అధ్యయనం తేల్చింది. అయితే అందులో వాడే రేడియోధార్మిక కార్బన్-11 సుమారు 20 నిమిషాల్లోనే సగానికి తరిగిపోతుంది. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గర్లో ఉన్న ఆసుపత్రులే ఈ స్కాన్ చేయగలవు.